కొమురక్కకి వెలిగిన పచ్చదీపం

కృత్తిక కార్తె, చివరి వారం

పైన నేల మీద యాభై నాలుగు డిగ్రీలని, మనుషుల్ని పైకీ కిందికీ మోసే బోను పక్కన సుద్దతో రాశారు. కింద, ఎండకి తాళలేక మేముంటున్న ఈ పాత గనిలో, ముప్పై ఒకటి. పంకాలు నిన్నటికంటే నెమ్మదిగా తిరుగుతున్నాయి. అంటే పైన సోలార్ పలకల మీద దుమ్ము పేరుకుంది.

మఠం బడిలో సిస్టర్లు మాకొక అలవాటు చేశారు. రోజు ముగిశాక ఏం చేశామో, ఏం చేయకుండా వదిలేశామో రాసుకోవాలి. విశేషణాలు వద్దనేవారు సిస్టర్ ఫిలోమినా. విశేషణం కావాలనిపించిందంటే నువ్వా వస్తువును సరిగా చూడలేదని ఆమె లెక్క. బడి వదిలి డిస్పెన్సరీలో చేరాక కూడా రాస్తూనే ఉన్నాను. మనుషులతో మాట్లాడటం కంటే నాకిది తేలిక.

డిస్పెన్సరీ తరఫున నా పని, షిఫ్టు హాజరు వేసే మస్టరు గదిలో దీపాల దగ్గర. పొద్దు వాలాక షిఫ్టు పైకెళ్లి పలకలు తుడుస్తుంది, తెల్లవారకముందే దిగుతుంది. ఎక్కేముందు ప్రతి మనిషీ పక్క అరలోకి వెళ్లి చిన్న సీసాలో మూత్రం పట్టి తెచ్చి మిషనులో పెట్టాలి. పచ్చదీపం వెలిగితే బోను తలుపు ఆ మనిషికి తెరుచుకుంటుంది. ఎర్రదీపం వెలిగితే తెరుచుకోదు. ఆఖరున నేను మిషను అద్దం మీద బొటనవేలు పెట్టాలి. అప్పుడుగాని ఆ పూట ఫలితాలు ఖాయం కావు. ఏదైనా కొట్టేయాలన్నా నా వేలే పడాలి.

ఈ మిషను ఎందుకొచ్చిందో మా గనిలో, ఈ పదమూడో ఇంక్లైన్‌లో, అందరికీ తెలుసు. రెండేళ్ల కిందట ఇద్దరు మనుషులు నడుం నొప్పికని ఎవరి దగ్గరో కొన్న మందుపట్టీలు ఛాతీకి అతికించుకుని పనికెళ్లారు. మత్తులో పలకల నీడన నిద్రపోయారు. తెల్లారింది. అంతకంటే రాయను.

ఇవాళ షిఫ్టు పెద్ద ఓదెలన్నకి ఎర్రదీపం వెలిగింది.

"ఏంది సిస్టరమ్మా, గీ దీపం నా మీద కన్నెర్ర జేస్తున్నది?"

నన్నందరూ అలాగే పిలుస్తారు. నా పేరు ఆగ్నేసు.

"దగ్గుమందు తాగారా?" అన్నాను.

"తాగిన. డాక్టరమ్మనే ఇచ్చింది."

"అందులో కోడీన్ ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక అది కొంత మార్ఫిన్‌గా మారుతుంది. దీపానికి కనబడింది అదే."

"ఓర్నీ! అంటే నా కడుపులనే బట్టీ పెట్టుకున్ననా?"

వెనక వరసంతా నవ్వింది. వెల్ఫేర్ ఆఫీసర్ సుదర్శనం సార్ వచ్చి, డాక్టరు ఇచ్చిన మందుచీటీ చూసి, రెండు రోజులు కింద పని చేయమని పంపేశారు. ఎర్రదీపానికి చీటీ ఉంటే చాలు. లేకపోతే ఆ మనిషి పై గ్యాలరీకి, ఉడుకు ఎక్కువుండే మీది సొరంగానికి, మారాలి.


రోహిణి కార్తె మొదలు

గనిని నడిపే కమిటీ నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. నొప్పిమందు తీసుకునే రోగులు పైకి వెళ్లకపోయినా మస్టరుకి రావాలి. వాళ్లకి లెక్క తిరగబడుతుంది. ఎర్రదీపం వెలగాలి. వెలగకపోతే మందు ఒంట్లో లేదని, అంటే అమ్ముకున్నారని. మూడు పచ్చదీపాలు వెలిగితే మందు ఆపేస్తారు. కింది గ్యాలరీలో మంచం తీసేసి పై గ్యాలరీకి మారుస్తారు. పై గ్యాలరీలో ఇప్పుడు నలభై రెండు డిగ్రీలు.

మా ఇంక్లైన్‌లో అలాంటి రోగి కొమురక్క ఒక్కతే. ఒకప్పుడు గని కప్పుకి బోల్టులు బిగించే పని చేసేది. కప్పు కూలి వెన్ను దెబ్బతింది. అప్పటినుంచీ డాక్టర్ ఫర్హానా ఆమె భుజానికి ఫెంటానిల్ పట్టీ అతికిస్తారు, మూడు రోజులకొకటి. పట్టీ ఉంటే కొమురక్క క్యాంటీన్‌లో రెండు గ్యాలరీలకి వండి పెడుతుంది. పట్టీ మార్చడం ఆలస్యమైన రోజు మంచం మీదనుంచి కాలు కింద పెట్టలేదు. నేను చూశాను. మఠం నుంచి వచ్చినప్పుడు నాకు తన గదిలో మంచమేసి ఇచ్చింది ఆమే.

మందు వల్ల ఆమెకి కూర వాసన పడదు. ఉప్పూ కారం చేతి అంచనాతో వేస్తుంది. తాను తాగేది జొన్న అంబలి.

మస్టరులో సీసా పెట్టింది. పచ్చదీపం వెలిగింది.

"పచ్చగనే ఉన్నది గదనే పిల్లా. మంచిదే గదా?" అని నా వంక చూసి నవ్వింది.

సుదర్శనం సార్ నవ్వలేదు. "పట్టీ ఏం చేశావు కొమురమ్మా?"

ఆమె రవిక భుజం పక్కకి జరిపి చూపించింది.

"ఖాళీ పట్టీ ఎవరైనా అతికించుకోవచ్చు. మందు ఎవరికి పోతోంది?"

కొమురక్కకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె మొహం చూడలేక నేను దీపాన్ని చూశాను. అది ఇంకా పచ్చగానే ఉంది.


రోహిణి కార్తె, మొదటి ఆదివారం

పూజ అయ్యాక డాక్టర్ ఫర్హానా దగ్గరికి వెళ్లాను. నేనేం అడగబోతున్నానో ఆమెకి ముందే తెలుసు.

"మీ సిస్టర్ చెప్పలేదా బేటా?"

చెప్పారు. సిస్టర్ ఫిలోమినా పాఠం నాకింకా మాట మాటగా గుర్తుంది. ఈ మందులన్నీ చేసే పని ఒకటే, నొప్పి కబురు మెదడుకి చేరకుండా ఆపడం. కానీ పుట్టిన ఇళ్లు వేరు. మార్ఫిన్, కోడీన్ గసగసాల మొక్క కన్న సొంత బిడ్డలు. ఆక్సికోడోన్ లాంటివి ఆ ఇంటి సరుకునే ఫ్యాక్టరీకి తీసుకెళ్లి వేరే రూపం దిద్దినవి. మేనకోడళ్ల పోలిక, కొన్ని దీపాలు గుర్తుపడతాయి, కొన్ని పట్టవు. ఫెంటానిల్, మెథడోన్, ట్రమడాల్‌కి ఆ ఇంటితో చుట్టరికమే లేదు. ఫ్యాక్టరీలోనే పుట్టాయి. ఫెంటానిల్ అయితే మార్ఫిన్ కంటే ఎన్నో రెట్లు బలమైనది. అయినా మా దీపం బలం చూడదు, పని చూడదు. ఇంటిపేరు చూస్తుంది. ఒకే ఒక్క ఇంటిపేరు.

"ఆ పట్టీని పట్టుకోవాలంటే దానికోసం విడిగా అడిగే పరీక్ష కావాలి," అన్నారు డాక్టర్. "పట్నం ల్యాబులో ఉంది. తెప్పించమని ఉత్తర్వు వచ్చిన రోజే రాశాను. కమిటీ కూర్చోవాలట. వానలు పడ్డాక కూర్చుంటుందట."

"మీరు చీటీ రాసిస్తే?"

"మందు ఇచ్చేది నేనే కదా. అమ్మకంలో నాకు వాటా ఉందేమోనని వాళ్ల అనుమానం. నా చీటీ చెల్లదు."

ఆమె బల్ల మీద వేళ్లతో కొట్టుకుంటూ ఉండిపోయారు. తర్వాత, "ఇంకోటి బేటా. ఎవరూ తప్పించుకోకూడదని మిషను గీతని, ఎంత మార్ఫిన్ ఉంటే ఎర్ర వెలగాలనే హద్దుని, ఎంత కిందికి దించారో చూశావా? ఇంత కింద ఇప్పుడెవరూ పెట్టరు," అన్నారు.

చూశాను. అప్పుడు దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు.


రోహిణి కార్తె, రెండో వారం

రెండో పచ్చదీపం.

ఈసారి నేను సుదర్శనం సార్ గదికి వెళ్లాను. దారి పొడుగునా చెప్పాల్సింది కూడబలుక్కున్నాను. లోపలికి వెళ్లేసరికి సగం పోయింది.

"సార్, ఆ మిషను ఫెంటానిల్‌ని చూడలేదు."

"ఏంటి? గట్టిగా చెప్పు."

మళ్లీ చెప్పాను. ఆయన కళ్లజోడు తీశారు. చెడ్డ మనిషి కాదు. అందరి మంచినీళ్ల వాటా కొలిచి పంచేది ఆయనే. ఎవరికీ ఒక చుక్క తగ్గనివ్వరు.

"అమ్మాయ్, చదువుకున్నదానివి. మిషను అబద్ధం చెబుతుందా?"

"చెప్పదు సార్. అడిగినదానికే చెబుతుంది."

"మరింకేం. మందు ఉందా అని అడిగాం, లేదంది."

మార్ఫిన్ ఉందా అని మాత్రమే అడిగారు సార్ అనాలి. ఆ మాట గుమ్మం దాటాక వచ్చింది.

గదిలో కొమురక్క ఉల్లిపాయలు ఒలుస్తోంది.

"ఏమన్నడు?"

చెప్పాను.

"నువ్వేమన్నవ్?"

"ఏమీ అనలేదు."

"గట్లుంటది. నోట్లె చక్కెరబిళ్ల పెట్టుకున్నట్టు మాట్లాడుతవ్, బయటికి రాదు మాట. మీ సిస్టర్లు నీకు లెక్కలు నేర్పిన్రు, కెమిస్ట్రీ నేర్పిన్రు, జర లొల్లి బెట్టుడు గూడ నేర్పకపోయిన్రు?"

"మీకు భయం లేదా అక్కా?"

ఆమె చేతిలో ఉల్లిపాయ అటూ ఇటూ తిప్పింది.

"పై గ్యాలరీకి పంపితే పోత. ఉడుకుల ఉంట. నా నడుము సంగతి నాకెరుక, పంటదో లేస్తదో. నాకు మండేది అందుకు గాదు బిడ్డా. గా ఇద్దరు పోయిండ్రు జూడు, వాళ్లకు బువ్వ పెట్టినదాన్ని. నేను గా మందు అమ్ముకుంటనా?"

నేను సగం ఉల్లిపాయలు తీసుకుని ఒలిచాను. కన్నీళ్లకి ఇద్దరికీ సాకు దొరికింది.


రోహిణి కార్తె, ఆఖరి రోజు

నోటీసు అంటించారు. ఏటా మృగశిర మొదటి రోజూ, మర్నాడూ సెలవు. ఈ ఏడు దుమ్ము ఎక్కువగా ఉంది కనుక మర్నాడు సెలవు లేదు. పొద్దు వాలగానే మస్టరు. కొమురక్క కూడా రావాలి. అది ఆమెకి మూడోది.

మృగశిర నాడు చేపల కూర తినని ఇల్లు మా ఇంక్లైన్‌లో లేదు. నీళ్లు నిండిన పాత గ్యాలరీలో కొర్రమీనులు పెంచుతారు. క్యాంటీన్‌లో ఒకే పొయ్యి మీద అందరికీ పులుసు కాగుతుంది. అందులో వేసే గసగసాలు మాత్రం ప్రతి ఇల్లూ తేవాలి, ఇంటికి పిడికెడు. అవి దొరకడం కష్టం, ఒక్క ఇల్లు భరించలేదు. ఏడాదంతా దాచి ఆ రోజు తెచ్చి క్యాంటీన్ గంపలో పోస్తారు. గసగసాలు లేని పులుసు మావాళ్లకి పండుగ లెక్క కాదు.

ఇవాళ గంప దగ్గర నేను కూర్చున్నాను. ఓదెలన్న వచ్చి పిడికెడు పోశాడు. తర్వాత ఇంకో పిడికెడు పోశాడు.

"ఒకటే కదా అన్నా?"

"కొమురక్క చేతి పులుసు మళ్ల ఎన్నడు తింటమో. పొయ్యనియ్యి."

అతని వెనక వచ్చినవాళ్లందరూ అంతే. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. రెండు పిడికిళ్లు, మూడు పిడికిళ్లు. ఎల్లవ్వ ముసలామె కొంగు ముడి విప్పి ఉన్నదంతా గుమ్మరించి వెళ్లిపోయింది. గంప నిండి, పక్కన పళ్లెం పెట్టాల్సి వచ్చింది.

ఆ పళ్లెం చూస్తుంటే సిస్టర్ పాఠంలో ఆఖరి ముక్క గుర్తొచ్చింది. గీతని చాలాచోట్ల ఎందుకు పైకి జరిపారో ఆమె చెప్పారు. గసగసాలు తిన్నవాళ్లకి మత్తేమీ ఎక్కదు. అయినా గింజకి అంటిన మొక్క పాలు కొంచెం మార్ఫిన్‌ని మోసుకొస్తాయి. గీత బాగా కిందుంటే దీపం దాన్నే పట్టుకుంటుంది. ఏ మందూ ముట్టని మనిషి దొంగగా కనబడతాడు.

ఇన్నేళ్లూ మృగశిర మర్నాడు సెలవు. ఆ కూర తిన్నవాళ్లెవరూ ఆ దీపం ముందు ఎప్పుడూ నిలబడలేదు.


మృగశిర కార్తె, మొదటి రోజు

పొద్దుటినుంచీ రుబ్బాం. ముద్ద తెల్లగా, వెన్నలాగా వచ్చింది. కొమురక్క ముక్కుకి గుడ్డ కట్టుకుని పులుసు కలిపింది. ఇంత చిక్కగా ఎప్పుడూ కుదరలేదని తిన్నవాళ్లన్నారు. ఆమె మాత్రం మూలన కూర్చుని అంబలి తాగింది.

ఒక పని చేయాలని రాత్రే నిర్ణయించుకున్నాను. సిస్టర్ల దగ్గర పెరిగినదాన్ని. తెలిసిన సంగతి దాచి మనుషుల్ని పట్టించడం నా వల్ల కాదు.

సుదర్శనం సార్ పళ్లెం పట్టుకుని వరసలోకి వచ్చారు. వడ్డిస్తున్నది నేను.

"సార్, రేపు మస్టరు పెట్టకండి."

"ఎందుకు?"

"ఈ కూరలో గసగసాలు ఎక్కువున్నాయి. అందరికీ ఎర్రదీపం వెలుగుతుంది."

ఆయన నవ్వారు. కోపంగా కాదు, పిల్లల మాటకి నవ్వినట్టు. "ఇన్నేళ్లుగా తింటున్నాం, ఎవడికి మత్తెక్కింది? కొమురమ్మని కాపాడుకోవాలని నీ తాపత్రయం. అర్థమవుతుంది. కానీ వంటింటి కబుర్లు మస్టరు గదికి తేకు."

"చెప్పడం నా బాధ్యత సార్. చెప్పాను."

"విన్నాను. ఇంకో గరిటె వెయ్యి. పులుసు బాగుంది."

వేశాను. ఇంకోటి కూడా వేశాను.

పక్కనున్న ఓదెలన్న నా మొహంలోకి చూశాడు. "సిస్టరమ్మా, నువ్వు నవ్వుతున్నవా ఏంది?"

"లేదన్నా."

"నవ్వితే నీకు పండ్లున్నయని ఇయ్యాలనే ఎరుకైంది."


మృగశిర కార్తె, రెండో రోజు

చేపల పులుసు మర్నాటికి ఇంకా రుచి. మస్టరుకి ముందు గిన్నెలన్నీ మళ్లీ ఖాళీ అయ్యాయి.

మొదట ఓదెలన్న సీసా పెట్టాడు. ఎర్ర.

"దగ్గుమందు తాగలే, ఒట్టు!"

రెండో మనిషి. ఎర్ర. మూడో మనిషి. ఎర్ర. మొదట నవ్వారు. పదిమంది అయ్యేసరికి నవ్వడం మానేశారు. బోను తలుపు ఎవరికీ తెరుచుకోలేదు. ఎవరో పరుగెత్తి సుదర్శనం సార్‌ని పిలుచుకొచ్చారు.

ఆయన మిషను ఆపించి మళ్లీ వేయించారు. ఎర్ర.

"వేడికి పాడైంది," అన్నారు. "నా జన్మలో నొప్పిమందు ముట్టలేదు. నాది పెట్టి చూడండి, తెలిసిపోతుంది."

అరలోకి వెళ్లి సీసా తెచ్చి తనే పెట్టారు. ఎర్ర.

పంకాల చప్పుడు వినబడుతోంది. నిన్నటికంటే మెల్లగా ఉంది.

ఆఖరున కొమురక్క గోడ పట్టుకుంటూ వచ్చింది. సీసా పెట్టింది. పచ్చదీపం వెలిగింది. గంట మోగి బోను తలుపు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి.

"అక్కా," అన్నాడు ఓదెలన్న, "మాకు తలుపు లేదట. నువ్వొక్కదానివే పొయ్యి పలకలన్ని తుడిచి రా!"

గది పగిలిపోయేలా నవ్వారు. కొమురక్క కూడా నవ్వింది. తర్వాత సుదర్శనం సార్ మొహం చూసి ఆపేసింది.

ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి మెల్లగా అన్నారు. "నువ్వన్నది నిజమే. కూర వల్లే. ఎర్రదీపాలన్నీ కొట్టేద్దాం, షిఫ్టు పైకి వెళ్లాలి. కొమురమ్మ కూర తినలేదు, ఆమెది నిలబడుతుంది. మూడోది. వేలు పెట్టు."

నా చేతులు బల్ల కింద ఉన్నాయి. అక్కడే ఉంచాను.

"పెట్టను సార్."

నా గొంతు అవతలి గోడకి తగలడం నేనెప్పుడూ వినలేదు. ఇవాళ విన్నాను.

"ఏమన్నావు?"

"ఇంతమంది తీసుకోని మందు ఉందంది. ఆమె తీసుకున్న మందు లేదంది. రెండూ ఒకే మిషను చెప్పిన మాటలు. ఒకటి తప్పని కొట్టేసి రెండోది నిజమని ఖాయం చేయమంటే నా వేలు రాదు. కొట్టేస్తే అన్నీ కొట్టేయండి, ఆమెకి వెలిగిన మొదటి రెండూ కూడా. లేదంటే అన్నీ ఉంచండి. ఉంచితే అందరం పై గ్యాలరీకి పోదాం. మీరు కూడా."

"నిన్నిప్పుడే ఈ పనిలోంచి తీసేస్తాను."

"తీసేయండి. కొత్త వేలు మిషనుకి ఎక్కించాలంటే కమిటీ కూర్చోవాలి."

ఓదెలన్న కింద కూర్చున్నాడు, బోను గుమ్మానికి అడ్డంగా. అతని పక్కన ఇంకొకరు. కాసేపట్లో నిలబడి ఉన్నది సుదర్శనం సారూ, గోడనానుకున్న కొమురక్కా మాత్రమే. ఎల్లవ్వ ఆమెకి ఎక్కడినుంచో స్టూలు తెచ్చి వేసింది.

సార్ కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"అమ్మాయ్, ఆ ఇద్దర్నీ దింపింది నేను. వాళ్లని బోనులోంచి ఎత్తుకొచ్చిన చేతులివి. ఇంకొకర్ని అలా ఎత్తలేను. అందుకే ఈ మిషను. అందుకే గీత అంత కింద. నీకు అర్థం కాదు."

ఎప్పుడూ గుమ్మం దాటాక వచ్చే మాట ఇవాళ ముందే వచ్చింది.

"సార్, వాళ్ల ఛాతీ మీద ఉన్నవేంటి?"

ఆయన నన్ను చూశారు.

"పట్టీలు. కొమురక్క భుజం మీదున్న మందే. ఆ రోజు ఈ మిషను ఇక్కడ ఉన్నా వాళ్లకి పచ్చదీపమే వెలిగేది. తలుపు తెరుచుకునేది. ఇవాళ ఎవరైనా అదే పట్టీ వేసుకుని వచ్చినా అంతే. మీరు ఎవర్ని ఆపాలనుకున్నారో వాళ్లనిది ఆపదు. దగ్గుమందునీ, చేపల కూరనీ ఆపుతుంది."

సుదర్శనం సార్ తెరుచుకుని ఉన్న బోను వైపు తిరిగారు. కొమురక్క కోసం తెరుచుకున్న తలుపు ఇంకా మూసుకోలేదు. ఆయన దాన్ని చూస్తూ నిలబడ్డారు. నేనూ చూశాను. ఆయన ఏం చూస్తున్నారో నాకు తెలుసు. ఆ సంగతి అంతకంటే రాయను.

"పట్నం ల్యాబుకి ఎవరు రాయాలి?" అని అడిగారు ఆఖరికి.

"డాక్టరుగారు రాశారు సార్. మీ సంతకం కావాలి."

"తెమ్మను."

అన్నీ కొట్టేద్దామన్నారు. కొమురక్క మొదటి రెండు పచ్చదీపాలు కూడా. కొత్త పరీక్ష వచ్చేదాకా ఆమె పట్టీ ఆగదని అందరి ముందూ చెప్పారు. అప్పుడు చెయ్యి పైకి తీసి అద్దం మీద వేలు పెట్టాను. చెమటకి మొదటిసారి ముద్ర పడలేదు. కొమురక్క తన కొంగుతో నా వేలు తుడిచింది.

"పెట్టు బిడ్డా," అంది. "లొల్లి బెట్టుడు ఎవరు నేర్పిన్రే నీకు?"


ఆరుద్ర కార్తె

పైన వాన. బోను దిగినవాళ్ల బట్టల మీద ఆ వాసన వస్తోంది. పంకాలు జోరుగా తిరుగుతున్నాయి.

కొత్త పరీక్ష తెప్పించడానికి కమిటీ ఇంకా కూర్చోలేదు. సుదర్శనం సార్ తన సంతకం మీద, తన పూచీ మీద పట్నం నుంచి తెప్పించారు. నన్ను మస్టరు గదిలోంచి తీసేయడానికి మాత్రం కమిటీ వెంటనే కూర్చుంది. ఇప్పుడు క్యాంటీన్‌లో పని చేస్తున్నాను.

మొదటి రోజు కొత్త దీపం దగ్గర ఒకతనికి ఎర్ర వెలిగింది. పేరు రాయను. పాత దీపం దగ్గర అతను పచ్చ. డాక్టర్ ఫర్హానా అతన్ని తన గదికి తీసుకెళ్లారు. ఆ పూట అతను పైకి వెళ్లలేదు. సుదర్శనం సార్ చాలాసేపు మెట్ల మీద ఒక్కరే కూర్చుని ఉన్నారని ఓదెలన్న చెప్పాడు.

కొమురక్క నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్లింది, నువ్వు చూడకపోతే ఎట్లా అని. సీసా పెట్టింది. ఎర్ర. మొత్తం షిఫ్టు చప్పట్లు కొట్టింది. ఎర్రదీపానికి చప్పట్లు కొట్టిన ఊరు ఇంకోటి ఉంటుందని నేననుకోను.

"సూడుండ్రి," అంది ఆమె దీపం కింద నడుం నిటారుగా నిలబెట్టి. "నాది నాకే ఉన్నది. ఎవలకు అమ్మలే."

పాత మిషను గీత మాత్రం పైకి జరపలేదు. దానికి బదులు నిన్న క్యాంటీన్ గోడకి నోటీసు అంటించారు. ఇకమీదట మృగశిర కూరలో గసగసాలు వాడరాదు, వంటవాళ్లు చదివి అంగీకారంగా వేలిముద్ర వేయాలి అని. కొమురక్కకి చదివి వినిపించాను.

"గసగసాలు లేకుంట పులుసా? గా కమిటీల ఒక్కడన్న బువ్వ తింటడా?"

నోటీసు తెచ్చిన గుమాస్తా సిరాదిండు నా ముందు పెట్టాడు. "మీరు వేలు పెడితే నేను వెళ్లిపోతాను, సిస్టరమ్మా."

రోట్లో పండుగకి మిగిలిన గసగసాలున్నాయి. నా రెండు చేతులకీ మణికట్టుదాకా తెల్లటి ముద్ద.

"చెయ్యి ఖాళీ లేదు," అన్నాను గట్టిగా. "రుబ్బుతున్నాను."